పాత గిన్నెకు కొత్త కొలువు

(సాంస్కృతికోత్సవ సభలో చేసిన ప్రసంగానికి అక్షరరూపం)



సాహిత్యం గురించి, సంగీతం గురించి, నాట్యం గురించి చెప్పగలిగినవారు ఈ సభలో చాలామంది ఉన్నారు. నాకు అప్పగించిన విషయం వంటింటి పాతసామాను. కార్యక్రమ పత్రంలో ఆ మాట చూసి కొందరు ముసిముసిగా నవ్వుకున్నారు. నవ్వినా ఫరవాలేదు. ఇంటికి వెళ్ళి గరాజు తలుపు తీసిన తరువాత ఈ సంగతి గుర్తుకు వస్తే చాలు, నా పని నెరవేరినట్లే.

"కొత్త ఒక వింత, పాత ఒక రోత" అని మనకొక సామెత ఉంది. ఆ సామెతకు మన బెంటన్‌విల్ కంటే తగిన ఊరు ఇంకొకటి దొరకదు. 1950లో శామ్ వాల్టన్ అనే ఆయన ఈ ఊరి చౌరస్తాలో ఒక చిల్లర సామాన్ల కొట్టు తెరిచాడు. 1962లో పక్కనున్న రోజర్స్‌లో మొదటి వాల్‌మార్ట్ వెలిసింది. ఈనాడు ఆ వ్యాపారానికి ప్రధాన కార్యాలయం మన ఊరే. మనలో చాలామందిని ఇక్కడికి తీసుకువచ్చింది ఆ కార్యాలయమూ, దానికి సరుకులిచ్చే కంపెనీల కార్యాలయాలూ. అటువంటి ఊళ్ళో కొత్త గిన్నె కావాలంటే పది నిమిషాలు కారు నడిపితే చాలు. ఇక సొట్టపోయిన బిందె గురించి ఎవరు ఆలోచిస్తారు?

కాని ఆలోచించవలసిన రోజు వస్తున్నది. మొదటి తరం వారు ఈ దేశానికి వచ్చినప్పుడు పెట్టెల్లో బట్టలకంటే జాగ్రత్తగా తెచ్చుకున్నవి కొన్ని ఉన్నాయి. ఇడ్లీ పళ్ళేలు, పోపుల డబ్బా, జంతికల గొట్టం, ఇత్తడి చెంబు, టిఫిన్ కారియర్. తరువాత అమ్మలూ అత్తలూ వచ్చినప్పుడు ఇంకొన్ని తెచ్చారు. ఇప్పుడు ఆ తరం వారు పెద్ద ఇల్లు అమ్మి చిన్న ఇంటికి మారుతున్నారు. కొందరు కాలం చేస్తున్నారు. ఇల్లు సర్దవలసినది ఇక్కడ పెరిగిన కొడుకులూ కూతుళ్ళూ, కోడళ్ళూ అల్లుళ్ళూ. వాళ్ళ ముందు ఆ పెట్టె తెరిచి పెడితే ఏది దేనికో తెలియదు. తెలియని వస్తువును ఎవరైనా ఏం చేస్తారు? కాళ్ళకు అడ్డమని గరాజు మూలకు నెడతారు, లేకపోతే ధ్రిఫ్టు దుకాణం గుమ్మంలో దింపి వస్తారు. అందులో వాళ్ళ తప్పు లేదు.

పెద్దవాళ్ళు "ఒక్కటి కూడా పారేయవద్దు" అంటారు. పిల్లలు "ఇవన్నీ పెట్టుకోవడానికి చోటేదీ" అంటారు. రెండూ న్యాయమైన మాటలే. ఈ రెంటికీ మధ్య మార్గం ఒకటున్నదని చెప్పడమే నా ఉద్దేశం. పెట్టెలో కట్టిపెట్టిన గిన్నె, పారేసిన గిన్నె, రెండూ పోయిన గిన్నెలే. ఇంట్లో రోజూ ఏదో ఒక పని చేసే గిన్నె మాత్రమే ఉన్న గిన్నె. కాబట్టి పాత గిన్నెకు కొత్త కొలువు ఇవ్వండి. కొలువు ఇచ్చేటప్పుడు దాని పాత పేరును మాత్రం తీసివేయకండి.

ఇది కొత్త విద్యేమీ కాదు. ఈ రోజుల్లో దీనికి ఇంగ్లీషులో కొత్త పేర్లు పెట్టారు గాని, మన ఇళ్ళల్లో పేరు లేకుండానే జరిగిన పని. మన వీధుల్లోకి మాట్లు వేసేవాళ్ళు వచ్చేవారు. కారుతున్న బిందెకు లోహపు ముక్కతో మాటు వేసి, దానికి ఇంకో పదేళ్ళు ఆయుర్దాయం ఇచ్చి వెళ్ళేవారు. కళాయి పూసేవాళ్ళు వచ్చేవారు. చిన్న కొలిమి పెట్టి, ఇత్తడి గిన్నెను కాల్చి, నవాసారం చల్లి, తగరం కరిగించి గుడ్డతో లోపలంతా పూస్తే గిన్నె వెండిలా మెరిసేది. ఆ పూత అందం కోసం కాదు. పులుపు తగిలితే ఇత్తడి చిలుము పట్టి పదార్థాన్ని చెడగొడుతుంది. చారు, పులుసు, మజ్జిగ తినే జాతికి కళాయి లేకుండా రోజు గడవదు.

1937లో మన దేశంలో డాల్డా వనస్పతి అమ్మకానికి వచ్చింది. అందులోని నెయ్యి కాని నెయ్యి గురించి పెద్దలు ఎన్ని వాదాలు చేసుకున్నా, తాటిచెట్టు బొమ్మ ఉన్న ఆ పసుపుపచ్చ డబ్బా గురించి మాత్రం ఎవరికీ వాదం లేదు. నూనె పోసుకున్నా అదే, పప్పు దాచుకున్నా అదే, నీళ్ళు తోడుకున్నా అదే, పెరట్లో తులసి మొక్క పెట్టినా అదే. కిరసనాయిలు డబ్బా పైభాగం కోసి కర్ర అడ్డం కొడితే నీళ్ళ బాల్చీ అయ్యేది. హార్లిక్సు సీసాలో కందిపొడి పెట్టని ఇల్లు ఉండేది కాదేమో. పాత చీరలు బొంతలయ్యేవి. బొంతకు కూడా పనికిరానివి స్టీలు సామాన్లవాడి బుట్టలోకి పోయి, వాటి బదులు ఒక గిన్నె ఇంట్లోకి వచ్చేది. ఆ ఇల్లాలిని "మీరు చేస్తున్నది హస్తకళ" అంటే ఆశ్చర్యపోయేది. "వస్తువు పాడుచేయకూడదు కదా" అని ఊరుకునేది.

మనకొక్కరికే ఈ బుద్ధి ఉన్నదనుకోవడం కూడా సరికాదు. మనం నివసిస్తున్న ఈ ఓజార్క్ కొండల్లోనూ, అమెరికా పల్లెల్లో అంతటా, 1930ల కరువు రోజుల్లో పిండి బస్తాలు, కోళ్ళ దాణా బస్తాలు విప్పి ఆడవాళ్ళు గౌనులు కుట్టారు, వంటింటి తుడుపుగుడ్డలు చేసుకున్నారు, ముక్కలు ముక్కలు అతికి బొంతలు కుట్టారు. అది చూసి కంపెనీలవారే బస్తాల మీద పువ్వుల అచ్చు వేయించడం మొదలుపెట్టారు. ఆ బొంతను మన బొంత పక్కన పరిస్తే అక్కచెల్లెళ్ళలా ఉంటాయి.

అంతదాకా ఎందుకు, మన ఊళ్ళోనే మొమెంటరీ అనే కళాకేంద్రం ఉన్నది కదా. 2020 ఫిబ్రవరిలో తెరిచిన ఆ కట్టడం అంతకుముందు క్రాఫ్టు కంపెనీవారి జున్ను ఫ్యాక్టరీ. పడగొట్టి కొత్తది కట్టడానికి డబ్బు లేక కాదు. పాతదానికే కొత్త కొలువు ఇవ్వవచ్చునని అనుకున్నారు. జున్ను తయారైన చోట ఈనాడు నాట్యాలు, చిత్రాలు, సంగీతం జరుగుతున్నాయి. ఫ్యాక్టరీకి చేసిన మర్యాద మనం ఒక ఇత్తడి చెంబుకు చేయలేమా?

గుజరాతులో అహమ్మదాబాదు దగ్గర విశాలా అనే చోట, 1981లో సురేంద్ర పటేల్ అనే ఆయన కేవలం పాత వంటసామాన్లకే ఒక మ్యూజియం నెలకొల్పారు. ఇళ్ళల్లోకి స్టీలు వచ్చిన తరువాత ఇత్తడి, రాగి పాత్రలు తూకానికి అమ్ముడుపోయి కరిగిపోతూ ఉంటే, వాటిని కొని పోగుచేశారు. వేలకొద్దీ పాత్రలు అక్కడ ఉన్నాయి. మనం ప్రతి ఇంట్లో మ్యూజియం పెట్టలేం. పెట్టనవసరం లేదు. నాలుగు వస్తువులకు పని కల్పిస్తే చాలు.

ఇక పనిలోకి వద్దాం. మొదట పెట్టెలోని సామానంతా నేలమీద పరచి మూడు కుప్పలు చేయండి.

మొదటి కుప్ప, ఇంకా తన సొంత పని చేయగలిగినవి. స్టీలు పోపుల డబ్బా బాగానే ఉంటే దాన్ని వేరే వస్తువుగా మార్చవద్దు. అందులో ఆవాలు, జీలకర్రే పోయండి. ఇనుప పెనం తుప్పు పట్టితే తోమి, నూనె రాసి, సెగ చూపితే మళ్ళీ దోసెలు వేస్తుంది. పని చేయగలిగినవాడికి పింఛను ఇచ్చి గోడకు వేలాడదీయడం గౌరవం కాదు.

రెండవ కుప్ప, తిండికి పనికిరాక ఇతర పనులకు పనికివచ్చేవి. మన హస్తకళంతా ఈ కుప్పలోనే ఉంది.

మూడవ కుప్ప, ఇంట్లో ఉండకూడనివి. ఈ కుప్ప గురించి కొంచెం వివరంగా చెప్పాలి. పిల్లలున్న తల్లిదండ్రులు శ్రద్ధగా వినమని కోరుతున్నాను.

2025 ఆగస్టులో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థవారు ఒక హెచ్చరిక చేశారు. బయటి దేశాలనుంచి వచ్చిన కొన్ని వంటపాత్రల్లోంచి సీసం ఆహారంలోకి దిగుతున్నదని అందులో చెప్పారు. ఏ లోహాలని అడిగితే, అల్యూమినియం, ఇత్తడి, ఇంకా హిండాలియం అని మనం పిలిచే మిశ్రమలోహం. ఈ పేర్లు మన వంటింటికి ఎంత దగ్గరివో వేరే చెప్పనక్కరలేదు. సీసం పిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. ఇంత వరకు ఉంటే ప్రమాదం లేదని చెప్పదగిన పరిమాణం ఏదీ లేదని వైద్యులు చెబుతారు. గిన్నె మెరుస్తున్నంత మాత్రాన, బామ్మగారు దానిలో నలభై ఏళ్ళు వండినంత మాత్రాన అందులో సీసం లేదని కంటితో చెప్పలేం.

ఆ సంస్థవారు పేర్లతో జాబితా కూడా ఇచ్చారు. ఆ జాబితాలోని పాత్రలను పారేయమనీ, ఎవరికీ దానం చేయవద్దనీ, బాగుచేయించి వాడవద్దనీ చెప్పారు. కాబట్టి జాబితాలో ఉన్నదానికి కొత్త కొలువు లేదు. దాన్ని ధ్రిఫ్టు దుకాణంలో దింపి రావడం మన బెడద ఇంకొకరి పిల్లల పళ్ళెంలో పెట్టడమే అవుతుంది. జాబితాలో లేకపోయినా, ఎప్పటివో, ఎక్కడివో తెలియని ఇత్తడి, అల్యూమినియం, హిండాలియం పాత్రలను తిండికి, తాగే నీళ్ళకు వాడకుండా ఉండడం మంచిది. అంతవరకు అటువంటి వాటిలో వండుకుంటూ ఉన్నవారు పిల్లల వైద్యుణ్ణి అడిగితే రక్తపరీక్ష చేయిస్తారు. అది పెద్ద పని కాదు.

పాత ఇత్తడిని ఆకురాయితో రాయడం, డ్రిల్లుతో చిల్లులు పొడవడం ఇంటి లోపల చేయకండి. ఆ పొడి పిల్లల చేతులకు, నోటికి చేరుతుంది. నేను ఇప్పుడు చెప్పబోయే పనుల్లో ఇత్తడిని కోయవలసినది, పొడవవలసినది ఒక్కటీ లేదు. పని అయిన తరువాత చేతులు సబ్బుతో కడుక్కోవాలి. అది నిజంగా ఇత్తడేనా అని సందేహం వస్తే అయస్కాంతం పెట్టి చూడండి. అంటుకుంటే లోపల ఇనుము, పైన పూత మాత్రమే.

తోమడానికి ముందు ఇంకొక మాట. నా దృష్టిలో ఈ ప్రసంగంలో అన్నింటికంటే ముఖ్యమైన మాట ఇదే. గిన్నెను తిప్పి అంచు చూడండి. మనవాళ్ళకు సామాన్ల మీద పేర్లు వేయించే అలవాటు ఉన్నది. పెళ్ళికి గిన్నె కొన్నా, గృహప్రవేశానికి బిందె ఇచ్చినా, కొట్టువాడు చిన్న మిషనుతో చుక్కలు చుక్కలుగా అక్షరాలు చెక్కి ఇచ్చేవాడు. ఇచ్చినవారి పేరు, ఒక్కొక్కప్పుడు ఊరి పేరు, తేదీ కూడా ఉంటాయి. పేరంటాల్లో, విందుల్లో నలుగురి గిన్నెలూ కలిసిపోతాయని మొదలైన అలవాటు. ఇరుగుపొరుగు దగ్గర గిన్నె తప్పిపోకుండా కాపాడిన ఆ పేరే ఈనాడు ఆ మనిషి మన దగ్గరనుంచి తప్పిపోకుండా కాపాడుతున్నది.

ఒక్కసారి ఆలోచించండి. ఆ కాలపు ఆడవాళ్ళలో చాలామంది పేరు మీద ఇల్లు లేదు, పొలం లేదు, పుస్తకం లేదు, ఉత్తరాలు మిగలలేదు. అటువంటి ముత్తవ్వ పేరు తెలుగు అక్షరాల్లో మిగిలిన చోటు మీ ఇంట్లో ఆ గిన్నె అంచు ఒక్కటే కావచ్చు. దాన్ని రంగువేసి కప్పేస్తే, గట్టి పీచుతో అరిగిపోయేదాకా తోమితే, తిరిగి వచ్చేది కాదు. అందుకని ముందుగా ఆ పేరును కాగితం మీదికి ఎక్కించండి. పల్చని తెల్ల కాగితం అక్షరాల మీద కదలకుండా పట్టుకుని, మెత్తని పెన్సిలును అడ్డంగా పెట్టి తేలికగా రాయండి. చుక్కలున్న చోట తెల్లగా మిగిలి అక్షరాలు తేలుతాయి. ఇది పిల్లలచేత చేయించండి. తెలుగు అక్షరాలు రాని పిల్ల కూడా ఆ పని చేయగలదు. చేసిన తరువాత "ఇందులో ఏం రాసి ఉంది?" అని తప్పకుండా అడుగుతుంది. ఆ ప్రశ్న కోసమే ఈ శ్రమంతా.

ఇత్తడి తోమడానికి మన చింతపండు, ఉప్పు చాలు. చింతపండు నానబెట్టి, పిసికి, మెత్తని గుడ్డతో రుద్ది, వెంటనే కడిగి, తడి లేకుండా తుడవాలి. అక్షరాలున్న చోట గట్టిగా రుద్దవద్దు.

ఇప్పుడు ఒక్కొక్క వస్తువుకు కొలువు చూద్దాం.

బిందె, గంగాళం: వీటిలో నేరుగా మట్టి పోసి మొక్క నాటవద్దు. మట్టిలోని తడి, ఎరువులోని లవణాలు లోహాన్ని తినేస్తాయి. మొక్కను వేరే కుండీలో పెట్టి, ఆ కుండీని బిందెలో దింపండి. నీళ్ళు పోయవలసినప్పుడు పైకి తీసి, పోసి, నీరు ఓడిన తరువాత మళ్ళీ లోపల పెట్టండి. వెడల్పు మూతి గంగాళంలో నీళ్ళు పోసి పువ్వులు తేలవేస్తే గుమ్మంలో పండుగనాడు వేరే అలంకారం అక్కరలేదు. సొట్టలు ఉంటే ఉండనివ్వండి. అవి దాని వయస్సు.

పోపుల డబ్బా: మూత పోయినదీ, పాత అల్యూమినియందీ అయితే అది కుట్టుపెట్టె అవుతుంది. లోపలి చిన్న గిన్నెల్లో బొత్తాలు, హుక్కులు, పూసలు, సూదులు, దారపు ఉండలు వేరువేరుగా ఉంటాయి. ఒకప్పుడు ఆవాలకూ మెంతులకూ ఉన్న క్రమశిక్షణే ఇప్పుడు బొత్తాలకు.

టిఫిన్ కారియర్: ఇది పుట్టుకతోనే అరల బీరువా. ఒక అరలో గాయాల కట్లు, ఒకదానిలో మందు గొట్టాలు, ఒకదానిలో కత్తెర, దూది పెట్టి కారులో ఉంచుకుంటే ప్రథమచికిత్స పెట్టె సిద్ధం. పెరటి పని చేసేవారికి విత్తనాల పొట్లాలు దాచుకోవడానికి కూడా బాగుంటుంది.

ఇడ్లీ పళ్ళేలు: గుంటలున్న ఈ పళ్ళేలు దీపావళికి దీపాల స్తంభంగా అమరుతాయి. కాని ఒక జాగ్రత్త. కింది పళ్ళెంలో నిజమైన దీపం వెలిగిస్తే పై పళ్ళెం కాలిపోతుంది. నూనెదీపాలు అన్నిటికంటే పై పళ్ళెంలోనే పెట్టి, కింది అరల్లో బ్యాటరీ దీపాలు పెట్టండి. మిగిలిన రోజుల్లో ఆ గుంటలు ఆడపిల్లల చెవి లోలాకులకు, ఉంగరాలకు సరిగ్గా సరిపోతాయి. పాత జల్లెడను గోడకు తగిలిస్తే దాని కన్నాల్లో కొక్కేల లోలాకులు వేలాడదీయవచ్చు.

పచ్చడి జాడీ: పైపూత నెరియలు బారిన జాడీలో ఊరగాయ పెట్టవద్దు. మూతలేని జాడీని పొయ్యి పక్కన నిలబెట్టి అందులో అట్లకాడ, చిల్లుల గరిటె, అప్పడాల కర్ర నిలబెట్టండి. కాడలు మాత్రమే జాడీలోకి ఉండాలి, తినే పదార్థం తాకే భాగం పైకి ఉండాలి.

సోల, తవ్వ, మానిక: ఇవి దొరికిన ఇల్లు అదృష్టవంతుల ఇల్లు. 1956 నాటి చట్టంతో మన దేశంలో మెట్రిక్ కొలతలు వచ్చి, క్రమంగా వీటి పని పోయింది. నాలుగు గిద్దలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక. వీటిని పిల్లల చదువుకునే బల్లమీద పెన్నులకు, పెన్సిళ్ళకు పెట్టండి. ఒక్కసారి బియ్యంతో కొలిచి చూపించండి. లెక్క, తెలుగు రెండూ ఒకేసారి వస్తాయి.

చిన్న రోలు, రుబ్బురోలు: కొందరు ఎంతో ప్రయాసపడి తెచ్చుకున్నారు. గ్రైండరు వచ్చాక అవి కదలడం లేదు. పెరట్లో చెట్టు నీడన పెట్టి గుంటలో నీళ్ళు పోయండి. ఎర్రని కార్డినల్ పిట్టలు వచ్చి స్నానం చేస్తాయి. రెండు రోజులకొకసారి నీళ్ళు మార్చకపోతే దోమలు పెరుగుతాయి. మన అర్కన్సాలో చలికాలం నీళ్ళు గడ్డకడతాయి కనుక, అప్పుడు నీళ్ళు తీసివేసి బోర్లించండి. మంచు ఉబ్బితే రాయి కూడా పగులుతుంది.

రేకు డబ్బాలు: కాఫీ డబ్బా, టమాటాల డబ్బా ఏదైనా సరే. ఇందులో మన ముగ్గు పనికివస్తుంది. డబ్బాలో ముప్పాతిక వరకు నీళ్ళు పోసి గడ్డకట్టించండి. లోపల మంచుగడ్డ ఉంటే మేకు కొట్టినప్పుడు రేకు నొక్కుకుపోదు. చుక్కల ముగ్గు ఒకటి కాగితం మీద వేసి డబ్బా చుట్టూ అంటించండి. మడతపెట్టిన తువ్వాలు మీద డబ్బాను పడుకోబెట్టి, చుక్క ఉన్న చోటల్లా మేకుతో చిల్లు పొడవండి. మంచు కరిగించి, తుడిచి, లోపల దీపం పెడితే గోడమీద ముగ్గు వెలుగుతుంది. రేకు అంచులు కోసుకుంటాయి కనుక పెద్దవాళ్ళు చేతి తొడుగులు వేసుకుని చేయాలి. ముగ్గు వేసే పని పిల్లలకు, సుత్తి పని పెద్దలకు.

చివరిగా, అన్నిటికంటే మన సొంతమైన విద్య, కాగితం గుజ్జు పని. వెదురు బుట్టలకు, చేటలకు కన్నాలు పడితే మన ఆడవాళ్ళు కాగితాలూ మెంతులూ కలిపి రుబ్బి పూసేవారు. మెంతుల జిగురు కాగితాన్ని పట్టి ఉంచుతుంది, దాని చేదుకు పురుగు తొందరగా దగ్గరికి రాదు. ఆ పనిని ఇక్కడ ఇలా చేయవచ్చు. గుడ్ల అట్టలు లేదా పాత వార్తాపత్రికలు చిన్న ముక్కలుగా చింపి రెండు మూడు రోజులు నీళ్ళలో నానబెట్టండి. నీళ్ళు మార్చుతూ ఉండాలి. మెంతులు ముందురోజు రాత్రి నానబెట్టండి. కాగితం పిండి, మెంతులతో కలిపి మెత్తగా రుబ్బండి. ఇప్పుడు పనికిరాని గిన్నె ఒకటి బోర్లించి, దాని మీద పల్చని ప్లాస్టిక్ కాగితం కప్పి, ఆ గుజ్జును వేలి మందాన సమంగా తట్టండి. మన ఊళ్ళో వేసవి గాలిలో తేమ ఎక్కువ కనుక, పగలు ఎండలో పెట్టి రాత్రి లోపల పంఖా కింద పెట్టండి. పూర్తిగా ఆరడానికి చాలా రోజులు పట్టవచ్చు, తొందరపడి తీస్తే విరుగుతుంది. ఆరిన తరువాత గిన్నె నుంచి ఊడదీసి, అంచులు కత్తిరించి, పసుపు, ఎరుపు రంగులు వేసుకోండి. తాళాలకు, ఉత్తరాలకు, ఉల్లిపాయలకు మంచి బుట్ట. తడి తగలకూడదు, అంతే.

చూశారా, ఈ చివరి పనిలో పాత గిన్నె తన రూపాన్ని ఇంకొక వస్తువుకు ఇచ్చింది. ఇంట్లో నలుగురు పిల్లలున్నా ఉన్న గిన్నె ఒకటే అయినప్పుడు, ఈ పద్ధతిలో నలుగురికీ దాని రూపం ఇవ్వవచ్చు. గిన్నె కోసం అన్నదమ్ములు మాట పట్టింపులకు పోనవసరం లేదు.

ఇంకా ఎన్నో చేయవచ్చు. కాని ఉత్సాహం ఎక్కువై ప్రతి గరిటెకు రంగు పూసి గోడనిండా తగిలిస్తే అది ఇల్లుగా ఉండదు, కొట్టుగా ఉంటుంది. ఏ వస్తువునైనా మార్చేముందు రెండు ప్రశ్నలు వేసుకోండి. ఇది మా ఇంట్లో ఏ పని చేస్తుంది? ఎప్పుడైనా కావాలంటే ఇది మళ్ళీ తన పూర్వరూపానికి వస్తుందా? రెంటికీ జవాబు ఉంటేనే చేయి వేయండి.

పేర్ల సంగతి మరొక్కసారి చెబుతాను. బిందె, చెంబు, గంగాళం, జాడీ, చేట, జల్లెడ, కవ్వం, సోల. ఈ మాటలు నిఘంటువులో భద్రంగా ఉంటాయనుకోవద్దు. నిఘంటువు తెరిచేవాడికి ఆ మాట ముందే తెలిసి ఉండాలి. అనకాపల్లి దగ్గర ఏటికొప్పాకలో అంకుడు కర్రతో, లక్క రంగులతో బొమ్మలు చేస్తారు. లక్కపిడతలంటే వంటింటి సామాన్ల బొమ్మలే. పూర్వం ఆడపిల్లలు వాటితో ఆడుకుంటూనే పాత్రల పేర్లు నేర్చుకున్నారు, ఎవరూ పాఠం చెప్పలేదు. మన పిల్లలకు ఆ ఆట పోయింది. దాని స్థానంలో "అమ్మా, పెన్ను ఎక్కడుంది?" అంటే "సోలలో ఉంది చూడు" అనే జవాబు ఉండాలి. "సూది ఏదీ?" అంటే "పోపుల డబ్బాలో" అనాలి. వస్తువు పని మారినా పేరు మారకపోతే మాట బతుకుతుంది.

అందుచేత నా మనవి చాలా చిన్నది. వచ్చే బొమ్మల కొలువు నాటికి ప్రతి కుటుంబం ఒక్క పాత వస్తువుకు కొలువు ఇవ్వండి. ఒక అట్టముక్క మీద నాలుగు సంగతులు రాయించండి: దాని పేరు, దాని పాత పని, అది ఎవరిది, ఇప్పుడు చేస్తున్న పని. తెలుగులో రాయగలిగిన పెద్దలు తెలుగులో రాయండి, కింద పిల్లలు తమ చేత్తో ఇంగ్లీషులో రాస్తారు. గిన్నె మీద పేరు ఉంటే ఆ పెన్సిలు కాగితం కూడా అతికించండి. ఆ అట్టముక్కలతో సహా బొమ్మల పక్కన ఒక మెట్టు మీద ఆ వస్తువులన్నీ పెడదాం. తెచ్చిన ప్రతి పిల్లా తన వస్తువు గురించి రెండు మాటలు చెబుతుంది. తప్పులు వస్తే నవ్వకండి, సవరించి చెప్పించండి.

అమ్మమ్మలకు, నానమ్మలకు, తాతయ్యలకు ప్రత్యేకంగా ఒక మాట. ఆ పెట్టె మీరుండగానే తెరవండి. ఏది ఎవరిచ్చారో, ఏ ఊళ్ళో కొన్నారో, ఏ పండుగకు ఏమి వండేవారో మీకు తెలిసినంత మరెవరికీ తెలియదు. పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని చెప్పండి. చెప్పగా మిగిలిన సామాను పారేసినా బాధపడకండి. చెప్పకుండా మిగిలిన సామాను ఎంత దాచినా లాభం లేదు.

 బయట బల్లమీద కాగితాలూ మెత్తని పెన్సిళ్ళూ పెట్టించారు. భోజనాలకు ముందు పిల్లలు అక్కడికి వస్తే పేర్లు ఎలా ఎత్తుకోవాలో చూపిస్తాను. సెలవు.